గడ్డకట్టని కొవ్వు

కొవ్వు ఒక పట్టాన గడ్డకట్టదు. మిగతా మాంసమంతా చెప్పినమాట వింటుంది, కండరం వింటుంది, గ్రంథి వింటుంది, క్రయోస్టాట్ అనే ఈ చలిపెట్టెలో పెట్టిన కాసేపటికే రాయిలా బిగుసుకుని కత్తి కింద ఉల్లిపొరలా పలచగా లేస్తుంది, కొవ్వు మాత్రం మెత్తగా, జిడ్డుగా, నేను రాను పో అన్నట్టు కత్తి అంచుకి అంటుకుని నలిగి ముద్దయిపోతుంది, ఇప్పుడు నా కళ్ళముందు జరుగుతున్నది అదే. పైన ఆపరేషన్ థియేటర్లో ఒకావిడ మత్తులో పడుకుని ఉంది, ఆమె రొమ్ములోంచి తీసిన గడ్డ కింద నా దగ్గర ఉంది, అది క్యాన్సరో కాదో నేను చెప్పాలి, అవునంటే రొమ్ము మొత్తం ఇవాళే, ఇప్పుడే తీసేస్తారు, దానికి ఆవిడ నిన్ననే ఒప్పుకుందట, కాదంటే కుట్లు వేసి పంపేస్తారు. సర్జన్ గారు చేతులు కట్టుకుని నా మాట కోసం నిలబడి ఉన్నారు. ఇంకొకరి మాట కోసం నిలబడడం ఆయనకి అలవాటు లేదు.

రెండో పొర కూడా చిరిగింది మేడమ్ అన్నాడు స్వెటరన్న. ఈ ల్యాబుకి కిటికీలు లేవు, ఎండాకాలం చలికాలం తేడా లేదు, అందుకని మా టెక్నీషియన్ ఏడాది పొడుగునా అదే గళ్ళ స్వెటర్ వేసుకుంటాడు, అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంకా చల్లబరచు అన్నా, పెట్టె ఎంత చల్లబడగలదో అంతా, బ్లేడు మార్చు, పొర కాస్త మందంగా కొయ్యి. మందంగా కోస్తే సరిగ్గా కనబడదు మేడమ్. చిరిగిపోతే అసలే కనబడదన్నా. అతను భుజాలెగరేసి బ్లేడు మార్చాడు. గోడమీద ఇంటర్‌కమ్ డబ్బా ఎర్రదీపంతో నన్నే చూస్తోంది, అది మోగుతుందని నాకు తెలుసు, మోగేలోపు నాకు ఒక్క మంచి పొర కావాలి, నాలుగు వేళ్ళంత కూడా అక్కర్లేదు, గోరంత చాలు.

గడ్డని మొదట కోసినప్పుడు కత్తి కింద కరకరమంది. క్యాన్సరూ అలాగే కరకరమంటుంది, పచ్చి జామకాయ కోసినట్టు, పుస్తకాల్లో అలాగే ఉంటుంది, మా పెద్దసారూ అలాగే చెప్పారు. కానీ దీన్ని కోసిన వెంటనే లోపల్నించి చిక్కటి నూనె చుక్కలు ఊరాయి, చుట్టూ సుద్దముక్క గీరినట్టు తెల్లటి పలుకులు, వాటిని వేళ్ళమధ్య నలిపితే ముందు గరగరా, తర్వాత నున్నగా జారింది, ఆ జారడం నా వేళ్ళకి తెలుసు, నాకంటే ముందే తెలుసు. మా ఇంటి వెనక రేకుల షెడ్డు, పెద్ద ఇనప బాణలి, అందులో కొవ్వు కరిగించి కాస్టిక్ నీళ్ళు పోసి నాన్న తెడ్డుతో కలుపుతూ ఉండేవాడు, కలిపీ కలిపీ ఆయన కుడిభుజం ఎడమదానికంటే లావు, సగం తయారైన సబ్బు తీసి నా అరచేతిలో పెట్టి నలుపు అనేవాడు, గరగరలాడితే ఇంకా కాలేదు, జారితే అయింది. నేను బడినించి వచ్చి పుస్తకాల సంచి దించకుండా నలిపేదాన్ని. రెండో ఏడాది క్లాసులో మేడమ్ బోర్డు వైపు తిరిగి, శరీరంలో దెబ్బతిని చచ్చిపోయిన కొవ్వు విడిపోయి సున్నంతో కలిసి సబ్బవుతుంది అని చెప్పినప్పుడు నేనొక్కదాన్నే నవ్వాను. ఎందుకు నవ్వావని లేపి అడిగారు. మా ఇంట్లో అదే చేస్తాం మేడమ్ అన్నాను, అబద్ధం చెప్పడం ఆ రోజుకింకా నేర్చుకోలేదు, క్లాసంతా గొల్లుమంది, ఆ సాయంత్రానికి నా పేరు సబ్బుబిళ్ళ అయింది, డిగ్రీ చేతికొచ్చేదాకా సబ్బుబిళ్ళే, స్టేజిమీద పట్టా తీసుకుంటుంటే కూడా వెనకనించి ఎవడో సబ్బుబిళ్ళా అని అరిచాడు, అమ్మ ఆ కేక విని అదేదో బిరుదనుకుని మురిసిపోయింది.

కానీ వేళ్ళకి తెలిస్తే చాలదు, వేళ్ళ మాట మీద ఎవరి రొమ్మూ ఉంచరు, తియ్యరు. కంటికి కనబడాలి. పైగా పోయిన వారం సూది పరీక్షలో పెద్దసారు క్యాన్సర్ అనుమానం బలంగా ఉంది అనేశారు, మా విభాగానికి ఆయనే పెద్ద, నాకు మైక్రోస్కోప్‌లో చూడ్డం నేర్పింది ఆయనే, ఆ స్లైడ్ నాకూ చూపించారు, గుంపులు గుంపులుగా పెద్ద కణాలు, ఒకదానిమీదొకటి ఎక్కి. నేను నోరు తెరిచాను, సార్, ఇవి చెత్త తినే కణాలేమో, లోపల నురగలా కనబడుతోంది అన్నాను. ఆయన కళ్ళజోడు పైనించి చూసి, మొదట్లో అలాగే అనిపిస్తుందిలేమ్మా అన్నారు, కోపం కూడా లేదు, కోపమున్నా బాగుండేది. సరే సార్ అన్నాను.

సరే సార్. ఈ రెండు మాటలే నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చాయి. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటిదాన్ని నేనే, మొదటిరోజు మా మేనమామ తోడొచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు, లోపలికి రావచ్చో లేదో తెలీక, అక్కణ్ణించే చెప్పాడు, ఎవరేమన్నా సరే అను, పైవాళ్ళతో మనకెందుకు, నీ పని నువ్వు చూసుకో. అమ్మదీ అదే పాట, తల దించుకుని వెళ్ళు, తల దించుకుని రా. అత్తయ్య మాత్రం, చూస్తూండండి దీనికి చదువు తలకెక్కి కొవ్వు పడుతుంది అనేది, కొవ్వు కరిగించి బతికే ఇంట్లో ఆ మాట అంటున్నట్టు ఆవిడకి తట్టలేదు, నాన్న మాత్రం తెడ్డు ఆపి నవ్వాడు. తల దించుకునే చదివాను. తల దించుకునే ఉద్యోగం దొరికింది, రోజంతా మైక్రోస్కోప్ మీద తల దించుకోవడమే నా పని, ఎవరైనా గుమ్మంలోంచి చూస్తే ఎంత అణకువ అనుకుంటారు. లోపల ఏం చూస్తున్నానో వాళ్ళకి తెలీదు.

ఇంటర్‌కమ్ మోగింది. ఏమ్మా, మీ పెట్టె ఇవాళ సెలవు పెట్టిందా అన్నారు సర్జన్ గారు. కొవ్వు సార్, గడ్డకట్టడం లేదు అన్నాను. మాకు మాత్రం ఇక్కడ అన్నీ గడ్డకట్టుకుపోతున్నాయి, ఏసీ అలా ఉంది అన్నారు, వెనక ఎవరో నవ్వారు, ఆయన జోకులకి నవ్వడానికి థియేటర్లో ఒక మనిషి ఎప్పుడూ ఉంటారు. వచ్చింది మేడమ్ అన్నాడు స్వెటరన్న. నిజంగానే వచ్చింది, అంచులు చిరిగినా మధ్యలో గోరంత పొర నిలిచింది, అతను దాన్ని ఊపిరి బిగబట్టి గాజుమీదికి తీసి రంగుల్లో ముంచి లేపాడు, ముందు నీలం, తర్వాత గులాబీ, ఇంకా తడిగా ఉండగానే నా చేతికిచ్చాడు.

తల దించాను. మొదట కనబడింది ఖాళీ ఇళ్ళు. కొవ్వుకణాల గోడలున్నాయి, లోపల మనుషుల్లేరు, ఒక్కదానిలోనూ కేంద్రకం లేదు, కాలనీకి కాలనీ ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. ఆ ఇళ్ళ చుట్టూ నురగ నిండిన కణాలు, చచ్చిన కొవ్వు తిని తిని పొట్టలు ఉబ్బినవి, పెళ్ళి భోజనాల తర్వాత అరుగుమీద కూర్చున్న పెద్దమనుషుల్లా ఎక్కడివాళ్ళక్కడ. వాటిలో కొన్ని ఒకదాన్నొకటి కలుపుకుని ఒక్క ఒంట్లో గుప్పెడు కేంద్రకాలతో రాక్షసుల్లా ఉన్నాయి, చూడ్డానికి భయం, పని మాత్రం చెత్త ఎత్తడం. చుట్టూ మచ్చకట్టిన నారపోగులు. ఇంతే. ఇది చచ్చిపోయిన కొవ్వు, ఫ్యాట్ నెక్రోసిస్, ఎవరికీ కీడు చెయ్యదు, దాని మానాన దాన్ని వదిలేస్తే ఎవరి జోలికీ రాదు. వేళ్ళు చెప్పింది నిజమేనని పైకి చూడబోయాను, స్లైడు ఒక మూలకి జరిగింది, అక్కడ ఒక గుంపు, దగ్గర దగ్గరగా, పెద్ద పెద్ద కేంద్రకాలు, పెద్దసారు చూసిన గుంపు ఇదే. ఇదే అయితే ఆయన చెప్పిందే నిజం కావచ్చు. నాకు సబ్బు కనబడాలనుంది కాబట్టి సబ్బు కనబడుతోందా, నాన్న బాణలి తెచ్చి ఎవరిదో రొమ్ముమీద పెడుతున్నానా. పెద్ద లెన్సు తిప్పాను. చూడు, తొందరపడకు, ఒక్కొక్కదాన్నీ చూడు. కేంద్రకం చిక్కుడుగింజలా వంగి ఉంది, అంచు నున్నగా ఉంది, రంగు లేతగా ఉంది, దాని పక్కది, దాని పక్కదీ అంతే, క్యాన్సర్ కణాలైతే ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు, చిక్కగా నల్లబడతాయి, వరసలు కట్టి పక్కవాళ్ళ గోడలు తోసుకుని చొరబడతాయి. ఇవి ఎవరి గోడా తొయ్యడం లేదు. వీటి పొట్టలోనూ నురగే. గుంపుగా కూర్చున్నంత మాత్రాన దొంగలైపోరు.

మళ్ళీ మోగింది. అవునా కాదా, ఒక్క మాట. ఈ ముక్కలో క్యాన్సర్ లేదు సార్, చచ్చిన కొవ్వు అన్నాను, నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. సూది పరీక్షలో మీ సారే అనుమానమన్నారు కదా అన్నారు. అదే గుంపు ఇక్కడా ఉంది సార్, క్యాన్సర్ కాదు. ఎక్స్‌రేలో గడ్డ ముళ్ళుముళ్ళుగా ఉంది, ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నానమ్మా ఇలాంటివి. మచ్చకట్టి గుంజుకున్నా ముళ్ళలాగే కనబడుతుంది సార్. నువ్వు చేరి ఎన్నాళ్ళయింది. ఇది జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు, అయినా చెప్పాను, పోయిన వానలప్పుడు సార్. వెనక నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. రొమ్ము అంచునించి ఇంకో ముక్క పంపుతున్నా, కళ్ళు తుడుచుకుని చూడు అని పెట్టేశారు.

ఇంకో ముక్క వచ్చింది, స్వెటరన్న మళ్ళీ పెట్టె ముందు కూర్చున్నాడు. ఈ మధ్యలో నా ఫోన్ మోగింది, పెద్దసారు, పొరుగూరు మీటింగులో ఉన్నారు, సర్జన్ అక్కడికి కూడా చేసేశారన్నమాట. ఏమ్మా గొడవ అన్నారు మెత్తగా. చూసింది చూసినట్టు చెప్పాను. విన్నారు, నిజంగానే విన్నారు, మధ్యలో ఆపలేదు. తర్వాత అన్నారు, సరేనమ్మా, నీకెందుకు ఇంత బరువు, అనుమానం తీసెయ్యలేం అని చెప్పెయ్, మిగతాది సర్జన్ చూసుకుంటారు, ఎవరూ నిన్ను వేలెత్తి చూపించరు. ఎంత సుఖమైన మాట. అనుమానం అనేది నాకు కనబడిన తలుపులన్నిటిలోకీ వెడల్పైనది, దానిలోంచి వెళ్ళిపోతే నేను మంచిదాన్ని, అణకువైనదాన్ని, పెద్దసారు మాట తప్పుకాదు, సర్జన్ చెయ్యి ఆగక్కర్లేదు, ఆ బల్లమీద మనిషికి తప్ప అందరికీ లాభమే. ఆవిడ లేచి చూసుకుంటుంది, లేదేమని అడిగితే అనుమానం అంటారు, తీసేసిన రొమ్ము మర్నాడు మళ్ళీ నా బల్లకే వస్తుంది, ముక్కలుగా కోసి వెతుకుతాను, ఏమీ ఉండదు, అప్పుడు ఎవరికి చెప్పాలి.

నాన్న ఒకసారి సబ్బు ఆరలేదని ఇవ్వనన్నాడు. టోకు వ్యాపారి బండి వేసుకుని వచ్చి నిలబడ్డాడు, పచ్చిసబ్బయితే ఏం, నాలుగు రోజులు కొట్లో ఆరుతుంది కదా అన్నాడు, పచ్చిసబ్బుతో ఉతికితే ఆడవాళ్ళ చేతులు పొక్కుతాయి, ఆరనిదే ఇవ్వను అన్నాడు నాన్న, గొంతు కూడా పెంచలేదు, బాణలిలో తెడ్డు తిప్పుతూనే అన్నాడు. బండి ఖాళీగా పోయింది, ఆ వ్యాపారి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు, నెలరోజులు అమ్మ నాన్నతో మాట్లాడకుండా గిన్నెలతో మాట్లాడింది. అదేమీ ఘనకార్యంలా మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు, మొండితనం అని చెప్పుకుంటారు. సరే, మొండితనమే. నాకూ కోపం పొంగలేదు, అరవాలనీ అనిపించలేదు.

నాకు అనుమానం లేదు సార్ అన్నాను ఫోన్లో. ఉంటే చెప్పేదాన్ని. లేనిది ఉందని చెప్పలేను. ఆయన వెనక మైకులో ఎవరో ఉపన్యాసమిస్తున్నారు. రేపు వచ్చి చూస్తాను అన్నారు చివరికి. చూడండి సార్, స్లైడు తీసి పెడతాను. ఫోన్ పెట్టి, స్వెటరన్న ఇచ్చిన కొత్త స్లైడు అందుకుని తల దించాను. రెండో ముక్కలోనూ ఖాళీ ఇళ్ళే, పక్కన మామూలు పాలగొట్టాలు, ఆరోగ్యంగా, ఏ గొడవా లేకుండా వాటి బతుకు అవి బతుకుతున్నాయి.

ఈసారి నేనే మోగించాను. దీన్లోనూ లేదు సార్. ఆయన గొంతులో ఇప్పుడు జోకు లేదు, విసుగు కూడా లేదు, అలిసిపోయిన మనిషి అడిగినట్టు అడిగారు.

"నువ్వు పొరబడితే?"

ఈ ప్రశ్న ఆయన ముందే అడగాల్సింది, నేను ముందే వేసుకున్నాను, అందుకే వెతుక్కోనక్కర్లేకపోయింది.

"నేను పొరబడితే వచ్చే వారం తియ్యొచ్చు సార్. మీరు పొరబడితే వచ్చే వారం తిరిగి పెట్టలేం."

స్వెటరన్న పెట్టె తలుపు మూస్తూ మూస్తూ ఆగిపోయాడు. డబ్బాలో గరగర. బాధ్యత నీదేనమ్మా అన్నారు. నాదే సార్. సరే, కుట్టేస్తున్నాను. ఆ సరే వినడానికి కొత్తగా ఉంది, ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ నా వైపునించి అటు వెళ్ళేది, ఇటు రావడం ఇదే మొదలు.

మిగిలిన గడ్డంతా ముక్కలు చేసి ఒక్కటీ వదలకుండా మైనంలో పెట్టమన్నాను, చిరగని, శుభ్రమైన స్లైడ్లు ఎల్లుండికి వస్తాయి, వాటిలో ఎక్కడైనా ఏదైనా ఉంటే నేనే పైకెళ్ళి చెబుతాను, తల దించుకుని కాదు. ఇంతలో థియేటర్ నర్సమ్మ గొంతు వినబడింది డబ్బాలో, మేడమ్, ఒక్క మాట. ఆవిడకి ఎప్పుడైనా ఛాతీమీద దెబ్బ తగిలిందా అని నేను మొదట్లో అడిగిస్తే, లేదన్నారు అని అప్పుడే చెప్పింది. ఇప్పుడు, ఆవిడ బస్సు డ్రైవరట మేడమ్, బయట కూర్చున్న చెల్లెలు చెప్పింది అంది. నాకు ఎక్కడో తట్టింది. మళ్ళీ అడగండమ్మా, దెబ్బ అనకండి, ఎప్పుడైనా గట్టిగా బ్రేకు వేసిందా, బెల్టు ఒరుసుకుందా అని అడగండి. నర్సమ్మ వెళ్ళి వచ్చింది, నవ్వుతోంది, చెల్లెలు నాతో పోట్లాడింది మేడమ్ అంది. మా అక్కకి యాక్సిడెంటా, ఇన్నేళ్ళలో ఆవిడ బస్సు గోడని కూడా గీకలేదు, ఆ రోజు లారీవాడు అడ్డమొస్తే మా అక్క బ్రేకుమీద లేచి నిలబడింది, జనం ఒకళ్ళమీదొకళ్ళు పడ్డారు, ఒక్కళ్ళకీ గీత పడలేదు, అది యాక్సిడెంట్ ఎలా అవుతుంది, దెబ్బ అని రాశారంటే డ్యూటీ తీసేస్తారు, రాయొద్దు అని. బెల్టు పడ్డచోట నెలరోజులు నల్లగా కమిలిపోయి ఉందట, గడ్డ సరిగ్గా ఆ వరసలోనే ఉంది మేడమ్. అంటే ఎవరడిగినా ఆవిడ లేదనే అంటుంది, అబద్ధం కాదు, బస్సుకి ఏమీ తగల్లేదు కాబట్టి తనకీ ఏమీ తగల్లేదు, బస్సుకీ తనకీ మధ్య ఆవిడ గీత గీసుకోలేదు.

మేం కిందవాళ్ళం పైకి వెళ్ళం. మేం చూసేది ముక్కల్ని, ముక్క వచ్చిన మనిషిని చూసే అలవాటు ఇక్కడ ఎవరికీ లేదు, పెద్దసారు ఉద్యోగమంతా ఒక్క పేషెంటుతో మాట్లాడకుండానే గడిచిందంటారు, అది గొప్పగానే చెబుతారు. చేతులు కడుక్కున్నాను, జిడ్డు పోలేదు, మళ్ళీ కడిగాను, ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించాను. ఎక్కడికి మేడమ్ అన్నాడు స్వెటరన్న. పైకి అన్నాను. లిఫ్టు ఎక్కలేదు, మెట్లెక్కాను, ఒక్కో మలుపు దగ్గరా వెలుతురు పెరుగుతోంది, బయట ఇంకా మధ్యాహ్నమేనని అప్పుడు గుర్తొచ్చింది.

థియేటర్ బయట బెంచీమీద ఒకమ్మాయి కూర్చుని ఉంది, ఒళ్ళో ఒక జత బూట్లు, బరువైనవి, కుడి బూటు అడుగు ఎడమదానికంటే బాగా అరిగింది, బ్రేకు కాలు. నన్ను చూసి లేచింది, బూట్లు వదల్లేదు. నేను కింద ల్యాబు డాక్టర్ని, మీ అక్క గడ్డ నేనే చూశాను అన్నాను. కింద కూడా డాక్టర్లుంటారా అంది అనుమానంగా. ఉంటారు అన్నాను. క్యాన్సర్ కనబడలేదు, బెల్టు నొక్కుకున్నచోట కొవ్వు చచ్చిపోయి గడ్డకట్టింది, చివరి మాట ఎల్లుండి చెబుతాను, కానీ రొమ్ము తియ్యడం లేదు, కుట్లు వేస్తున్నారు. ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బూట్లు గుండెలకి హత్తుకుని నా కళ్ళలోకి సూటిగా చూసింది, ఆ చూపు అక్కదే అయి ఉంటుంది, లారీవాడు కూడా చూసే ఉంటాడు.

"మా అక్క బండి దేనికీ తగల్లేదు డాక్టరమ్మా. అది మాత్రం మీరు సరిగ్గా తెలుసుకోవాలి."

"తెలుసమ్మా," అన్నాను. "సరైన టైముకి ఆపింది."